గడి లేని పేరు

రాజోలు కోర్టు పక్క రేకుల పాకలో
ముప్పై యేళ్ళు కాయితాలు రాశాను.
నాకు తెలిసిన ఆక్రమణ
జానెడు గట్టు జరపడం,
కాలవ పోరంబోకులో నాలుగు కొబ్బరి మొక్కలు పాతి
కాపుకొచ్చాక తాతలనాటివనడం.
ఒక సర్వేయరు, ఒక గొలుసు, ఒక నోటీసు. అంతే.

ఆ యేడు వాన వెలిసిన పూట సువార్తమ్మ వచ్చింది.
కువైటు నుంచి ఎడారి మీదుగా, అమ్మాను మీదుగా
షేకమ్మ పాత గౌనుతో ఇల్లు చేరిన మనిషి.
చేతిలో నష్టపరిహారం ఫారం.

రావలసిన జీతం: ఐదు నెలలు.
పోయినవి: కుట్టుమిషను, రేకు పెట్టె, రెండు కాసుల గొలుసు.
గుడారంలో రోజులు: ఇరవై మూడో, నాలుగో.
నీళ్ళ లారీ వెనక పరుగులో తెగిన చెప్పు కూడా రాయమంది.
రాశాను.

"మరి ఆళ్ళని దాటమన్నోడి పేరు
ఏ గడిలో రాత్తారండి?"

ఫారం తిరగేశాను. వెనకంతా తెలుపు.

"తుపాకీతో వంటింట్లోకొచ్చిన కుర్రోడు
మా ఆఖరోడి ఈడోడండి. మంచినీళ్ళడిగేడు.
ఆడి మీద నాకేం లేదు."

గోదారి మీద కేసు వేయలేం.
ఏటా ఒకడి లంక కోరుక్కు తిని
అవతల ఇంకొకడికి మేట వేస్తుంది.
ఇది వరద కాదు.
ఎక్కడో ఒక గదిలో, కాఫీ చల్లారకముందే
పటమ్మీద ఒకడు వేలు జరిపాడు.

ఆమె ప్రశ్న మార్జిన్లో పెన్సిలుతో రాశాను.
కలెక్టరాఫీసు తిప్పి పంపింది:
"అనవసర విషయం. తిరిగి వ్రాయవలెను."
రాశాను. డబ్బొచ్చింది. రెండు గదుల స్లాబు పడింది.

నిన్న మనవరాలు ఇందుజ
లా పుస్తకం చదివి వినిపించింది.
దురాక్రమణ అని ఒక నేరముందట.
అందులో సిపాయి ముద్దాయి కాదట,
పగ్గాలు పట్టినవాడేనట.
ఆ నాలుగు మాటల మీద దేశాలు రాజీ పడేసరికి
సువార్తమ్మ స్లాబు పెచ్చులూడిపోయింది.
"వెనకటి వాటికి వర్తించదు తాతా.
ఇకముందైనా, చాలా మటుకు ఒప్పుకున్న దేశాలకే."
ఒప్పుకున్నవాడి గట్టే కొలిచే సర్వేయరన్నమాట,
అని నవ్వబోయి మానేశాను.
ఆక్రమణకి ముందు ఒక 'దుర్' చేర్చడానికే
లోకానికి ఇన్నాళ్ళు పట్టింది మరి.

ట్రంకులో మొదటి ఫారం కార్బను కాపీ ఉంది.
దాని మీదికి అచ్చు గడులు రాలేదు,
నా చేతిరాతే దిగింది నీలంగా.
జీతం, గొలుసు, తెగిన చెప్పు,
వాటి పక్కనే దాటమన్నవాడెవడన్నది.

కాలేజీకి పట్టుకెళతానంది ఇందుజ.
ముందు మలికిపురం వెళ్ళి
సువార్తమ్మనడిగి రమ్మన్నాను.
కాయితం ఆవిడది.