పెంటికల సర్వే

ఫ్రానెకెర్‌లో భూముల కొలతల ఆఫీసు నాది.
ఇరవై రెండేళ్ళుగా పసుపు కోటు తొడుక్కుని
తడి పచ్చికలో మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి
ఇది నీది, అది వాడిది అని చెప్పడమే ఉద్యోగం.
ఇంట్లో మాత్రం
ఒక్క మూల ఎవరిదో తేల్చలేకపోయాను.

కుందేలు పేరు క్నోప్. అంటే గుండీ.
బూడిదరంగు, ఒక చెవి వాలింది,
రెండు కిలోలకి కాస్త తక్కువ.
తెచ్చిన రోజే దాని అవసరాలకి ఒక తొట్టి కొన్నాను,
స్నానాలగది తలుపు పక్కన పెట్టాను, కడగడానికి వీలుగా.
నాకు వీలుగా.
అది వెళ్ళి పుస్తకాల బీరువా పక్కన పోసింది.
తుడిచాను. వెనిగర్ చల్లి మళ్ళీ తుడిచాను.
ఎత్తుకొచ్చి తొట్టిలో కూర్చోబెట్టాను.
నా మొహం చూసి, దిగి,
తీరిగ్గా బీరువా దగ్గరికే నడిచింది.
పదకొండు రోజులు.
నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనుకున్నాను గాని
దీనికి నాలుగూ ఉన్నాయి,
నాలుగూ అటే పోతున్నాయి.

పన్నెండో రోజు తొట్టినే జరిపాను.
ఎండుగడ్డి గంప దాని మీదికి వంచి కట్టాను,
తింటూనే విడిచే జాతి అది.
ముందు నమిలే చప్పుడు, వెనక రాలే చప్పుడు,
ఒకే మిల్లులో రెండు పనులు.
మట్టి రవ్వ వద్దంది డాక్టర్ ఆల్టియే,
మింగితే కడుపులో గడ్డకడుతుందట.
కాగితం గుళికలు పోశాను.
ఆపరేషనయిన ఆరు వారాలకి
నేల మీద తడి చుక్క లేదు.
తివాచీ అంచున మాత్రం
ఎండు పెంటికలు నాలుగైదు, మిరియాల్లా, వరసగా.
చీపురు పట్టేదాన్ని. తెల్లారేసరికి మళ్ళీ అక్కడే.
తెలియాల్సింది, నాకే తెలియాల్సింది,
హద్దురాయి పీకేస్తే
రైతు మళ్ళీ పాతుతాడని.

మూడేళ్ళు అలా నడిచింది.
ఆ తర్వాత రైండర్ వచ్చాడు,
రెండు పెట్టెలు, ఒక సెల్లో, నీళ్ళు కారే గొడుగు.
మొదటి రాత్రే
అతని దిండుకి సరిగ్గా నడిమధ్య
వెచ్చటి మడుగు.

"నేనంటే గిట్టదు" అన్నాడు
దుప్పట్లు వాషింగ్ మెషీన్‌లో కుక్కుతూ.
మూత్రంలో ఇసుక చేరిందేమోనని ముందు పరీక్ష చేయించాం.
ఇసుక లేదు, మంట లేదు.
"కోపం కూడా లేదు" అంది ఆల్టియే,
"కొత్త వాసన వచ్చింది కదా, పక్కన తన సంతకం పెట్టుకుంది.
చదవండి చాలు. జవాబు రాయక్కర్లేదు."

పడగ్గది తలుపు నెల్లాళ్ళు మూసి ఉంచాం.
గడ్డి వేసే పని రైండర్‌కి అప్పగించాను.
మొదట చేయి చాచి వేసి పారిపోయేవాడు,
తర్వాత నేల మీద బోర్లా పడుకుని
స్వరాలు దిద్దుకునేవాడు.
ఒక సాయంత్రం క్నోప్ వచ్చి
అతని చెప్పుకి గడ్డం రాసి పోయింది.

ఆ వసంతంలోనే
హైడెమా అన్నదమ్ముల కాలవ తగాదా నా బల్ల మీదికొచ్చింది.
ఏటా పెద్దాయన తమ్ముడి గట్టు మీద
బండెడు పేడ కుమ్మరిస్తాడు.
ఇదివరకైతే జరిమానా నోటీసే.
ఈసారి కొలతటేపు జేబులోంచి తీయకుండా అడిగాను,
"మీ నాన్న ఆవులు ఎక్కడ నీళ్ళు తాగేవి?"
ముసలాయన చాలాసేపు చూశాడు.
పేడ దిబ్బ వైపు చేయి చూపించాడు.

నవంబరులో రైండర్ కచేరీలకని జ్వొల్లె వెళ్ళాడు,
పది రోజులు.
నాలుగోనాడు ఊడుస్తుంటే
సెల్లో వాయించే కుర్చీ కింద కనిపించాయి.
ఫోన్ చేశాను.
"ఎన్ని?"
"తొమ్మిది."
"తడా, పొడా?"
"పొడి."
అటువైపు ఎవరో వయొలిన్ తీగ బిగిస్తున్నారు.
"నేనొచ్చేదాకా ఊడ్చకు" అన్నాడు.