మేకలకు ప్రవేశం లేదు

ఆ చెక్క చట్రం ఎక్కడ పడితే అక్కడే లెక్కా, పిల్లా?
సరే, పడెయ్.
మూరెడు చోట్లో మూడు రకాల గడ్డి, ఒక పసుపు పువ్వు.
రాసుకో. అబద్ధమేం కాదు.

నేను కోడలిగా వచ్చిన ఏడు
త్సో న్గోన్ సరస్సుకి దక్షిణాన ఈ మైదానంలో
ఇసుక తప్ప ఏం పండేది కాదు.
గాలి లేస్తే గుడారంలో త్సంపా పిండి కరకరలాడేది.
గొర్రెల పళ్ళు ఇసుకకి అరిగి
నాలుగేళ్ళకే ముసలివయ్యేవి.

తర్వాత లారీల మీద అద్దాలొచ్చాయి.
కనుచూపు మేరా నల్లటి నీలం,
ఎవరో సరస్సుని ముక్కలు కోసి
ఇనప కాళ్ళ మీద ఆరేసినట్టు.

నెలకోసారి వాటికి తలంటు పోస్తారు.
దుమ్ము కడిగిన నీళ్ళు అంచున కారి
బొట్టు బొట్టు పడ్డచోట గడ్డి మొలిచింది,
పాపిట తీసినట్టు, వరసకొకటి.
ఎవరూ విత్తనం చల్లలేదు.
ఇసుకలో ఎన్నేళ్ళుగా నిద్రపోయిందో.

అది నడుమెత్తు పెరిగి, చలికాలానికి ఎండి,
ఒక్క నిప్పురవ్వ చాలన్నట్టు గలగలలాడుతుంటే
ఇంజనీరు మా గుడారానికొచ్చాడు, బూట్లు విప్పి మరీ.
"ఛక్మో అమ్మా, మీ గొర్రెల్ని తోలుకురండి."
మమ్మల్ని బయట నిలబెట్టిన కంచెకే
గేటు కిర్రుమంది.

గొర్రెలకి మాత్రమే. బోర్డు చూశావుగా.
మా నల్లమేక మొదటిరోజే
అద్దమెక్కి నిలబడింది, గిట్టల కింద మబ్బులతో.
దించడానికి నలుగురు,
జరిమానా కట్టడానికి నేను.
నవ్వు, నవ్వు.

ఇప్పుడు ఇటు రా. మెల్లిగా.
ఈ బల్లిని చూడు. తల కప్పలా ఉంటుంది.
తోక చుట్ట చుట్టి, విప్పి, చుట్టి
పక్కదానితో ఏదో చెబుతుంది.
దానికి ఎండే అన్నం.
నీడ జరిగితే అటు, మళ్ళీ జరిగితే ఇటు.
మేం గుడారం మార్చేది ఏడాదికి రెండుసార్లు.
అది గంటకోసారి.
పోయిన వేసవి ఈ వరసలో పదకొండు ఉండేవి.
నాకు చదువు రాదు, లెక్క వచ్చు. గొర్రెలకాపరిని.
ఇవాళ పొద్దుట్నుంచీ ఇది రెండోది.
తోక ఊపుతూనే ఉంది, జవాబు లేకపోయినా.

బొరియల్లో తోకలేని ఎలుకలు మాత్రం బలిశాయి.
డేగ స్తంభం మీద కూర్చుని చూస్తుంది.
అద్దాల మధ్య అది దూకే సందు లేదు.

తెల్లపిర్ర జింకలు నీళ్ళకి పోయే దారి
ఈ కంచె నడిమధ్యగా.
మొన్నటి చలికాలం మంచులో గిట్టల గుర్తులు,
కంచె వెంట అటూ ఇటూ, అటూ ఇటూ.
ఒకచోట పడుకున్న గుంట.
ఒంటి వెచ్చదనానికి కరిగింది, ఇంకా గడ్డకట్టలేదు.
ఆ రాత్రి అడుగుతీగ కింద రెండు రాళ్ళు పెట్టి
మూరెడు పైకెత్తాను.
ఇది రాయకు.
తెల్లారి తీగకి నాలుగు వెంట్రుకలు.
జింకవో, కుక్కవో. నా కళ్ళు మునుపట్లా లేవు.

కుక్కవే అంటాడు లూబుమ్, నా కొడుకు.
వాడు ఆ అద్దాలే కడుగుతాడు.
వాడి జీతంతోనే నా మోకాళ్ళకి మందు.
ఈ దీపమూ, నీ ఫోను ఛార్జింగూ అక్కడివే.
ఎవర్ని తిట్టమంటావు?

అదిగో, ఆ వరస చివర,
మధ్యాహ్నం కూడా నీడ కదలని చోట
చట్రం వెయ్యి.
ఏం లేదా?
ఒక ముళ్ళపొద ఉండేది. ఊదా పూలు.
పేరు మా అత్తకి తెలుసు.
పసిపిల్లల దగ్గుకి వేరు నూరేది.
సున్నా అని రాస్తున్నావా?
"ఉండేది" అని రాయడానికి
మీ కాగితంలో గడి లేదా?

సరే, లే. మబ్బు పడుతోంది.
గొర్రెలు ఆ గడ్డిలోంచి రమ్మన్నా రావు.
కంచె బయట నల్లమేక ఒకటే అరుపు.
వినిపిస్తోందా?
దాన్నీ లెక్కెయ్.