ఆచారి వీధి మట్టి

రాత్రి పదకొండుకి ఆచారి వీధి కొట్లు మూస్తారు.
మస్తానమ్మ పిన్ని చీపురూ బొచ్చే తీసుకుని
కాలవ గట్టున వంగుతుంది.
ఎదురు అరుగు మీద నేను,
ఫోన్లో కొలిమి ముందర నిలబడుంటాను.

సంచి నిండిపోయింది.
నలభై రాత్రులు కొట్లాడి తెచ్చుకున్న కవచం,
నొక్కితే మూడు ఇనప కడ్డీలు, ఒక తోలు పేలిక.
బూట్లకి దారం.
టోపీకి అదీ లేదు.

మిగిలింది కత్తి.
ఆట మానేసి కృష్ణపట్నం పోర్టులో పనికి పోతా
ఖాదర్‌వలీ ఇచ్చింది.
పిడి మీద వాడి పేరుంది.
"కరిగిస్తే తిరిగి రాదు. సరేనా?"
అడుగుతా ఉంది తెర.

"ఏందిరా అబ్బయా, అట్ట బిగుసుకుపోయినావు?"
బొచ్చెలో మట్టి తిప్పతా అడిగింది పిన్ని.
చెప్పాను.
నవ్వలేదు.
"ఉంగరాల మీద పేర్లు చెక్కతారే,
ఆ రజను కూడా దీంట్లోనే ఉంటాది.
అంతా కరిగిస్తే గురివింద గింజంత.
అందులో ఏ అక్షరం ఎవురిదో
నాకేం తెలుసు?"

బొచ్చె అడుగున ఏదో మెరిసింది.
వేలితో తీసి, దీపం కిందికి తెచ్చి చూసింది.
అగరుబత్తి ప్యాకెట్టు కాయితం.

నేనింకా నొక్కలేదు.
కొత్త గొడ్డలికి
ఒక్క కడ్డీ తక్కువ.