వైల్

బడిలో మాకు చెప్పిన అర్థం ఒకటే: వైల్ అంటే "ఉండగా".
వాన పడుతుండగా, పాలు కాగుతుండగా.
ముందు చిన్న "ఎ" చేరితే కాసేపు,
వెనక "అవే" తగిలిస్తే పొద్దుపుచ్చడం.
కెంట్ నుంచి ఉత్తరాదికి, ఈ హాలిఫాక్స్ ఆసుపత్రికి
నేను మోసుకొచ్చిన నిఘంటువు అంతే.

ఆరో మంచం మర్గట్రాయిడ్.
తివాచీల మిల్లులో నలభై రెండేళ్లు
మగ్గాల మోతకు చెవులు అప్పజెప్పి
పెదవులు చదవడం నేర్చినవాడు.
"సెవెన్ వైల్ త్రీ పనిచేశానమ్మా" అన్నాడొకసారి.
ఏడు ఉండగా మూడా? నవ్వి ఊరుకున్నాను.

ఆ రాత్రి నిద్రమాత్ర ఇవ్వబోతే
మొహం పక్కకి తిప్పుకున్నాడు.
"నిద్రపోను, వైల్ మా ఎడిత్ వస్తుంది."
చార్టులో రాశాను:
చెల్లెలు వచ్చినప్పుడు మేలుకొని ఉంటారట.
దీపం తగ్గించి వెళ్లిపోయాను.

రెండింటికి చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి.
మూడున్నరకూ.
పక్క మంచం ముసలాయన దుప్పట్లోంచి గొణిగాడు:
"పిచ్చిపిల్లా, ఇక్కడ వైల్ అంటే దాకా."

దాకా!
టాడ్‌మోర్డెన్ దారంతా మంచు,
మొదటి బస్సు ఐదూ నలభైకి.

చార్టులో ఆ వాక్యం కొట్టేశాను.
రెండు కప్పుల టీ తెచ్చి కుర్చీ లాక్కున్నాను.
ఆయన చదువుకునేలా
గొంతు వాడకుండా, పెదవులతోనే అన్నాను:
"నేనూ ఉంటాను, వైల్..."

ఆ పైన ఏ మాటా చేర్చలేదు.
ఉండగానో, దాకానో,
ఆయనకే వదిలేశాను.