అరవై దాటినంక

టేపు అరవై అంగుళాల దగ్గర అయిపోతది.
ఆ తర్వాత ఏముంటదో
ఇరవై రెండేండ్లు మిషన్ తొక్కినా
నాకు అవసరం పడలే.
మొన్న దుకాణం షట్టర్ సగం దించి
నా నడుముకే చుట్టుకొని చూసిన.
రెండు కొసలూ కలవలే.
మధ్యల నాలుగు వేళ్ళ ఖాళీ,
అందులకెళ్ళి చీర రంగు కనవడుకుంట.

చిక్కడపల్లి సందుల నా దగ్గరికొచ్చేటోళ్ళకు
జాకెట్ లోపల అంగుళంన్నర బట్ట వదుల్త.
రేపు ఒళ్ళొస్తే విప్పుకోవచ్చు అంట.
నా జాకెట్లన్నీ ఎప్పుడో విప్పిన.
లోపల ఇంక బట్ట లేదు.

సోమాజిగూడ ఆస్పత్రిల డాక్టరమ్మ
మందుల చీటీ వెనక కడుపు బొమ్మ గీసింది,
వంకర సొరకాయ లెక్క.
నిలువుగ ఒక గీత కొట్టి
ఇంత తీసేస్తం, ఇంతే ఉంచుతం,
దీన్ని స్లీవ్ అంటరు, అన్నది.
నాకు నవ్వాగలే.
మేడం, నేను వేల స్లీవులు కుట్టిన,
మోచేతి దాకా, బుట్ట చేతులు, గంట చేతులు.
కడుపుకు చెయ్యి కుట్టుడు ఇప్పుడే వింటున్న.
ఆమె నవ్వలే.
షుగరు రిపోర్టు నా దిక్కు తిప్పింది.

ఇంట్ల చెప్పిన రోజు
కుక్కర్ మూడు కూతలు కూసినా ఎవరూ లేవలే.
"దేవుడిచ్చిన కడుపును కోపిచ్చుకుంటవా?
నోరు కట్టుకుంటే పోయేదానికి,"
అన్నది మా ఆడబిడ్డ సుగుణ.
నోరు ఎన్నిసార్లు కట్టిన్నో ఆమెకేం తెలుసు.
ఉలవలు, జొన్న గట్క, జీలకర్ర నీళ్ళు,
ఇందిరా పార్కు చుట్టూ తెల్లారగట్ల నడక,
మోకాలు వాచి ఆటోల ఇంటికి రాక.
పదకొండు కిలోలు పోయినయ్.
పద్నాలుగు తిరిగొచ్చినయ్,
చుట్టాలను వెంటేసుకొని.

అమ్మ జనగామ నుంచి ఫోన్ల:
"పుట్టినప్పుడే బొద్దుగున్నవు బిడ్డా,
వాడంతా ఎత్తుకొని తిప్పేటోళ్ళు."
ఆ మాటకు ఏమనాలె.
నుస్రత్ ఆపా ఒక్కతే సూటిగ అన్నది,
"చేయించుకో, మానుకో, నీ ఇష్టం.
ఈద్ కంటె ముందు నా బట్టలిచ్చి పో."

దామోదర్ పగలంతా మాట్లాడలే.
లైటార్పినంక, గోడ దిక్కు తిరిగి:
"నిద్రల నీ ఊపిరి ఆగుతది.
పది లెక్కపెడ్త.
అప్పటికీ రాకుంటే తడ్త.
ఆ బల్ల మీద నిన్నెవరు తడ్తరు?"

మూడేండ్ల సంది
పొద్దున డ్యూటీకి లేటైతే
బద్ధకమని తిట్టిన మనిషి.
బస్సుల టికెట్లు కొట్టుకుంట కునుకుతడని
డిపో మేనేజర్ మెమో ఇచ్చిన మనిషి.

అక్కడ మిషన్లు చూసుకుంటయి, అన్న.
మిషన్ ఆగదా, అన్నడు.
ఆగుతది.
దారం తెగని రోజున్నదా నాకు?

గుడ్డ ఒకసారి కత్తిరిస్తే అతకదు,
అది నాకొకరు చెప్పాల్నా.
అందుకే నెలన్నర సంది కొలుస్తున్న.
బల్ల మీది నుంచి లేవనేమో అన్న భయం ఒక పక్క.
పదో లెక్క కాడ ఆయన చెయ్యి
ఒక్కరాత్రి, ఒక్కటే రాత్రి,
అలిసి నిద్రవోతే
అది ఇంకో పక్క.

తెల్లారి ఆయన్ను దుకాణానికి తీస్కపోయిన.
రెండో టేపును మొదటిదానికి పిన్నీసు పెట్టి
ఈ కొస పట్టుకో, అన్న.
అంకెను లోపల లోపలే చదువుకున్నడు.
పైకి చదువు, అన్న.
చదివిండు,
బయట ఇస్త్రీ బండాయన కూడ వినేటట్టు.

ఆర్డర్ల పుస్తకంల
నుస్రత్ ఆపా కింద గీతల నా పేరు రాసిండు.
కొలత రాసిండు.
డెలివరీ తారీకు కాడ పెన్ను ఆపి
నా మొహం చూసిండు.

పెన్ను గుంజుకొని
గురువారం అని రాసిన.

సాయంత్రం షట్టర్ దించేటప్పుడు చూస్తే
ఆ గడి పక్కన, ఆయన చిన్నక్షరాలు:
లీవు నాలుగు రోజులు. అడగాలె.