రెండు గంటలు

మొదటి గడిలో పేరు అడిగింది.
లామారా అని రాశాను.
రెండో గడిలో ఇంటిపేరు. అదీ రాశాను.
మూడో గడి దగ్గర వేలు ఆగిపోయింది:
'ఏం చేస్తుంటారు?'

లైబ్రరీలో కంప్యూటర్ నేర్పే పిల్ల నుత్సా
పక్క కుర్చీలోంచి తొంగిచూసి
"ఖాళీగా వదలకు పిన్నీ,
ఖాళీ గడిని ఎవరూ నమ్మరు" అంది.

ఏం చేస్తుంటాను?
చియాతురా కొండల మధ్య
ఇనప తాడుకి వేలాడే డబ్బాలో
ఇరవై ఆరేళ్ళు నిలబడ్డాను.
కింద నది, మాంగనీసు కడిగిన నల్లటి నీళ్ళతో.
పైన గని.
మనుషుల్ని ఎక్కించాను, దించాను.
వాళ్ళతో పాటు కోళ్ళు, గ్యాసు బండలు,
ఒకసారి కొంగు తలుపులో ఇరుక్కున్న పెళ్ళికూతురు,
ఒకసారి ఏటవాలుగా తప్ప పట్టని శవపేటిక.
ఒకరోజు తాడు ముసలిదైందన్నారు.
దాంతో పాటు నన్నూ దించేశారు.

ఇదంతా గడిలో పట్టదు.
'తాడు బండి నడిపాను' అని కొట్టాను.
నుత్సా అది చెరిపి
'ప్రయాణికుల భద్రత, ఇరవై ఆరేళ్ళ అనుభవం' అని పెట్టింది.
చదివితే ఎవరో పెద్దావిడలా ఉంది,
లేచి కుర్చీ ఇవ్వాలనిపించింది.

ఫోటో కావాలంది.
నా ఫోటోలన్నిట్లో నేను అంచునే ఉంటాను,
ఎవరి పెళ్ళిలోనో, ఎవరి భుజం వెనకో.
కిటికీ దగ్గర నిలబెట్టి "నవ్వు" అంది.
తలుపు మూసేముందు తలకాయలు లెక్కపెట్టే మొహమే పడింది.
ఉండనీ అన్నాను.

అప్పుడు తెర అంది:
'వీరు మీకు తెలిసి ఉండవచ్చు.'
ఉండవచ్చేమిటి!
ఈ నోదార్ వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పట్నుంచీ తెలుసు,
ఇద్దరికీ కలిపి ఒక్క టికెట్టే కొట్టాను.
ఈ బాదురి ఎనిమిదేళ్ళూ కళ్ళు మూసుకునే ఎక్కాడు,
ఇక్కడేమో పర్వతారోహకుణ్ణని రాసుకున్నాడు.
నొక్కాను, నొక్కాను, నొక్కాను.
"ఒక్క ట్రిప్పులోనే ఊరంతా ఎక్కించకు పిన్నీ."

అయినా నేను వెతికింది వాళ్ళని కాదు.

రెండో డబ్బాలో గులికో ఉండేది.
నేను ఎక్కుతుంటే తను దిగేది,
తను ఎక్కుతుంటే నేను.
నట్టనడి గాలిలో
నాలుగు క్షణాలు ఎదురయ్యేవాళ్ళం,
ఆవిరి పట్టిన రెండు అద్దాల అవతలా ఇవతలా.
ఎర్ర తలగుడ్డ. ఎత్తిన చెయ్యి. అంతే.
ఒక గంట కొడితే ఆగు.
రెండు గంటలు కొడితే రా.
రెండు గంటలంటే మాకు కాలం కాదు.
ఇరవై ఆరేళ్ళూ ఒక్క గడపలో నిలబడలేదు,
ఇంటిపేరు అడగాలని తోచనే లేదు.

తెర మీద గులికోలు పందొమ్మిది మంది.
అందరూ దగ్గరగా, స్పష్టంగా ఉన్నారు.
నా గులికో దూరంగా, మసగ్గా ఉండేది.
పందొమ్మిది మందికీ ఒకటే రాశాను:
'రెండు గంటలు. నువ్వేనా?'

ఒకావిడ 'రెండింటికి ఎక్కడికి రావాలి?' అంది.
ఒకావిడ నా మొహాన తలుపేసింది.
బతూమీలో పళ్ళ డాక్టరట, ఆవిడ మాత్రం
'నేను కాదమ్మా.
కానీ మీ పనేమిటో చదివాను.
మా మరిది బకురియానిలో, మంచు కొండ మీద తాడు బండి దగ్గరుంటాడు.
చలికాలానికి మనుషులు కావాలంటున్నాడు,
మీ మాట చెప్పనా?'

ఊళ్ళో నేను మోసినవాళ్ళెవరూ అడగని మాట.
గొంతులో ఏదో కుదుపు,
స్తంభం దాటేటప్పుడు డబ్బాకి వచ్చేలాంటిది.
చెప్పండి అని రాశాను,
రెండు వేళ్ళతో,
ఒక్కో అక్షరాన్నీ చెయ్యి పట్టి ఎక్కించినట్టు.

నుత్సా దీపాలు ఆర్పుతోంది.
పదహారు మంది గులికోలు ఇంకా పలకలేదు.
మంచు కురిసే రోజుల్లో
అవతలి గంట వినపడ్డానికి
ఒక్కోసారి చాలాసేపు పట్టేది.
గొలుసు మీంచి చెయ్యి తీసేదాన్ని కాదు.