మూడు వారాలకోసారి

కావన్ కొండల్లో, పరీక్షల చట్టం ఇంకా రాకముందు సంగతి.
నా పని ఆవులకు విత్తనం వేయడం.
వ్యానులో చలిపొగ కక్కే డబ్బా,
గడ్డిపరకంత గొట్టాల్లో నిద్రపోయే కోడెలు,
భుజందాకా తొడుగు.
అట్రాక్టా గిల్హూలీ కొట్టానికి వెళ్తే
టీ తాగనిదే కదలనిచ్చేది కాదు.

ఆ ఏడు టీ మానేసింది.

ఇరవై ఒక్క రోజులకు ఫోను:
"నిలవలేదు మలకీ, మళ్లీ ఎదకొచ్చింది."
మరో ఇరవై ఒక్క రోజులకు, ఇంకో ఆవు.
ఆ తర్వాత మళ్లీ మొదటిది.
ఫిబ్రవరి వానలో ఐదు నెలల చూడి ఒకటి
కంచె పక్కన ఈచుకుపోయింది.
పిల్లి అంత ఉందేమో,
గోనెలో చుట్టి తెచ్చి నా ముందు విప్పింది,
నేనేదో చెప్తానని.
నేను గోనె మీది అక్షరాలు చదివాను.

అదే మేత, అదే చెయ్యి, చేపడంలో లోటు లేదు,
పాలే జారిపోతున్నాయి.
ఇరవై ఆరు లీటర్ల ఆవు పద్దెనిమిదికి దిగింది.
లారీ డ్రైవరు తొట్టిలో కొలపుల్ల ముంచి
అంకె రాసుకుని, మాట్లాడకుండా వెళ్లేవాడు.
పశువుల సంతలో మాత్రం మాట్లాడారు:
మలకీ హస్తవాసి పోయిందని.

నేనూ నమ్మాను.
రాత్రిళ్లు డబ్బా మూత తీసి
ఆ పొగలో నా తప్పు వెతుక్కున్నాను.
బూట్లు కడిగిందే కడిగాను.

నెత్తుటి చీటీలు చేత్తో పట్టుకుని డాక్టరమ్మ
ఆవుల వరసంతా దాటి
బ్లానిడ్ దగ్గర ఆగింది.
పదేళ్ల పిల్ల, చేతిలో బ్రష్షు,
పక్కన నిగనిగలాడే ఎర్ర పెయ్య.
ప్లూరీన్ అని పేరు. చిన్నపువ్వని మా పాత మాటలో.
"దీనికేం కాలేదు" అంది పిల్ల,
"ఒక్కసారి కూడా దగ్గలేదు."

అదే కదా.
చవగ్గా దొరికిందని చూడితో కొన్న తల్లి;
దాని కడుపులో మూడో నెలకే చేరింది వైరస్.
అప్పటికింకా ఆ ఒంటికి
తనదేదో పరాయిదేదో తెలియదు.
వచ్చినదాన్ని కూడా తన మాంసమే అనుకుంది.
పోట్లాడలేదు, జ్వరపడలేదు.
ఊపిరితో, చొంగతో,
ముద్దొచ్చి నాకిన ప్రతి మూతికీ పంచిపెట్టింది.
ఆ కొట్టంలో అందరికంటే ఎక్కువ నాకేది అదే.

"మందు?" అంది అట్రాక్టా.
డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది.

బుధవారం ట్రైలరు వచ్చింది.
బతిమాలే పని లేకపోయింది,
దాణా బొచ్చె వెనకాలే ప్లూరీన్ తనే ఎక్కింది.
బ్లానిడ్ ట్రైలరు వైపు చూడలేదు.
నన్ను చూసింది,
హస్తవాసి తిరిగొచ్చినవాణ్ని.

జూన్‌లో మళ్లీ విత్తనం వేశాను, ఆ మొదటి ఆవుకే.
ఇరవై ఒకటో రోజు
ఫోను ఒళ్లో పెట్టుకుని వ్యానులోనే కూర్చున్నాను.
మోగలేదు.
ఇరవై రెండు. మోగలేదు.
ఇరవై మూడో రోజు రాంగ్ నంబరొకటి,
ఎవరో ముసలాయన బొగ్గు కావాలన్నాడు,
ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో.

తర్వాతి వారం వెళ్తే టీ పెట్టింది అట్రాక్టా.
కూజా నిండా పాలు, మీగడ తేలుతూ.
నాకు పోసింది, తను పోసుకుంది.
బ్లానిడ్ తన కప్పు మీద
అరచెయ్యి మూసింది.